ఒంటిగంట చేపలు

ముందే చెబుతున్నాను, నాకు చెవుడు లేదు. ధర్మవరం జనమే గొంతు తగ్గించి మాట్లాడడం నేర్చుకున్నారు. పద్దెనిమిదేళ్ళు మరమగ్గాల షెడ్డులో కండెలకు పోగు చుట్టినదాన్ని నేను. ఆ మోతలో పక్క మనిషితో ఒక మాట చెప్పాలన్నా అరవాలి. అందరం అరిచేవాళ్ళం, అందరికీ వినిపించేది. ఇప్పుడు ఎవరూ అరవరు, ఊరికే మూతి కదిలిస్తారు. అది నా తప్పా? మా అమ్మాయి అరుణజ్యోతి వచ్చినప్పుడల్లా చెవి డాక్టరు దగ్గరికి పోదామంటుంది. ముందు మీరంతా గొంతు డాక్టరు దగ్గరికి పోండి అంటాను.

ఇదంతా ఎందుకంటే, ఈ వేసవిలో మా ఇంట్లో జరిగినదానికి నారాయణమ్మ చెవులే కారణమని మా వీధంతా చెప్పుకుని నవ్వుతోంది. నవ్వుకోనీ. కానీ ఆ నారాయణమ్మను నేను. నా నోట కూడా ఒకసారి వినాలి కదా.

మా ఆయన పుల్లన్నది చేతిమగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని నలభై రెండేళ్ళుగా పట్టుచీరలు నేశాడు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చప్పుడుతోనే నాకు తెల్లవారేది. పలకతో పోగును బిగించేటప్పుడు ఒక్కొక్క నేతగాడికి ఒక్కో రకం దెబ్బ ఉంటుంది. మా ఆయనది రెండు తేలిక దెబ్బలు, తర్వాత ఒక బరువు దెబ్బ. వంటింట్లో ఉండి ఆ దెబ్బను బట్టే ఆయన కోపంగా ఉన్నాడో, ఆకలిగా ఉన్నాడో చెప్పేదాన్ని.

మొన్న మార్చిలో ఒకరోజు మగ్గం మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. అనంతపురం ఆసుపత్రిలో గుండెకు స్టెంట్ వేశారు. డాక్టరు చూడడానికి కాలేజీ పిల్లాడిలా ఉన్నాడు గానీ మాట మాత్రం కచ్చితం. "ఆరు నెలలు మగ్గం మాటే ఎత్తొద్దు. కాలితో తొక్కేదీ వద్దు, చేత్తో లాగేదీ వద్దు," అన్నాడు. నాకు స్పష్టంగా వినిపించింది. ఆయనకే వినిపించలేదు.

ఇంటికి రాగానే ఆయన నా ముఖం చూడలేదు, మంచం చూడలేదు, నేరుగా మగ్గం గదిలోకి వెళ్ళి నిలబడ్డాడు. మగ్గానికి నిలువు పోగుల పడుగు ఒకటి ఎక్కిస్తే మూడు చీరలు దిగుతాయి. రెండు దిగాయి. మూడోది సగంలో ఆగిపోయి ఉంది. ముదురాకుపచ్చ ఒళ్ళు, కుంకుమరంగు అంచు. ఆయన దాన్ని వేళ్ళతో తడిమాడు. నేను ఆయన రెక్క పట్టుకుని బయటికి తెచ్చి, మగ్గం మీద దుప్పటి కప్పి, హాలులోంచి ఆ గదిలోకి వెళ్ళే తలుపుకు గొళ్ళెం పెట్టాను. తాళం వేయలేదు. మొగుడి మగ్గానికి తాళం వేసేంత రాక్షసిని కాను. ఇప్పుడు తలుచుకుంటే తాళమే వేయాల్సింది, ఆ గదికి వీధి వైపు ఉన్న తలుపుకు కూడా వేయాల్సింది.

ఆ సగం చీరను ఇంకొకరి చేత పూర్తి చేయించొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. మా వాళ్ళలో అలా చేయరు. చెయ్యి మారితే దెబ్బ మారుతుంది, దెబ్బ మారిన చోట చీరకు అడ్డంగా ఒక గీత పడుతుంది. కొనేవాళ్ళకు కనిపించకపోవచ్చు, నేసినవాడికి మాత్రం కనిపిస్తుంది. అందుకని ఎవరు మొదలుపెట్టిన చీరను వాళ్ళే దించుతారు. దించలేకపోతే కత్తెర పెట్టడమే. అది ఇంట్లో చావు జరిగినప్పుడు చేసే పని.

సరే, పని లేక ఆయన హాలులో గోడకు ఆనుకుని బియ్యం మూటలా కూర్చునేవాడు. టీవీ చూడడు. నాతో మాట్లాడడు. రెండు ముద్దల సంగటి తిని చెయ్యి కడిగేసేవాడు. అది చూసి మా జ్యోతి, గుంతకల్లులో రైల్వే ఆఫీసులో పని చేస్తుంది, ఒక ఆదివారం ఆటోలో గాజు తొట్టి వేసుకుని దిగింది. ఇసుక, రెండు నల్లరాళ్ళు, గాలి బుడగల మిషను, ప్లాస్టిక్ కవర్లో ఆరు చేపలు.

"ఏమే ఇది?" అన్నాను.

"చేపల్ని చూస్తా కూచుంటే బీపీ తగ్గుతాదంటమ్మా."

"ఎవురి బీపీ? మీ నాయనదా, నాదా?"

"ఇద్దరిదీ తగ్గనీలే," అని అరిచి చెప్పింది. అది మంచి పిల్ల, అరిచే చెబుతుంది.

హాలుకీ మగ్గం గదికీ మధ్య గోడ వెంబడి ఒక సిమెంటు అరుగు ఉంది. తొట్టిని దాని మీద పెట్టింది. చేపలు బొటనవేలంత ఉన్నాయి. బూడిదరంగు ఒంటి మీద నల్ల చుక్కలు, మూతి కింద మీసాలు. క్యాట్‌ఫిష్ అంటారట. ఆ మీసాలతో ఇసుకలో ఏదో పోగొట్టుకున్నట్టు పొద్దస్తమానం వెతుకుతూనే ఉంటాయి. అన్నిటికంటే లావుదానికి పొట్టా మీసాలూ అచ్చం మాకు పట్టు ఇచ్చే సావుకారులాగే ఉన్నాయి. దాన్ని సావుకారు అని పిలిచాను. మా ఆయన రెండు నెలల్లో మొదటిసారి నవ్వాడు. ఆ ఒక్క నవ్వుకే ఆ చేపలకు నేను బానిసనైపోయాను, దాచుకునేదేముంది.

మూడోరోజు నుంచి వాటి వేషాలు మొదలయ్యాయి. ఉన్నట్టుండి ఒక చేప అడుగు నుంచి బాణంలా పైకి దూసుకెళ్ళి, నీళ్ళ మీద మూతి పెట్టి ఒక గుటక వేసి, మళ్ళీ కిందికి దిగిపోయేది. దాని వెనక ఇంకొకటి. నీళ్ళలో ఊపిరాడటం లేదేమోనని నా ప్రాణం పోయింది. జ్యోతి అంగడివాడిని కనుక్కుని చెప్పింది, అది వాటి అలవాటట, పైగాలి కూడా అప్పుడప్పుడు ఒక గుటక కావాలట. సరే అనుకున్నాను.

అసలు సంగతి రెండోది. పొద్దున పదింటికి హాయిగా తిరిగే చేపలు, మధ్యాహ్నం ఒంటిగంట దాటిందంటే చాలు, ఎవరో తరిమినట్టు ఒక్కసారిగా అటూ ఇటూ కొట్టుకుని, ఆరుకారూ నల్లరాళ్ళ వెనకకు పోయి ఒకదాని మీద ఒకటి పడి దాక్కునేవి. మీసం కూడా కదిలించేవి కావు. తిండి వేసినా అలాగే ఇసుక మీద పడి ఉండేది. గడియారం రెండు కొడితే గానీ సావుకారు తల బయటపెట్టడు. ఒకరోజు కాదు, రెండు రోజులు కాదు, రోజూ ఇదే. గడియారం చూసుకోవచ్చు వాటితో.

ఆ వేళకు ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉంటాను. డాక్టరు కాస్త నడవమన్నాడని, అన్నం తిన్న తర్వాత మా ఆయన పక్కింటి కుళ్ళాయప్ప అరుగు మీద కూర్చోవడానికి వెళ్ళేవాడు. నేను కూలరు వేసుకుని, టీవీ పెట్టుకుని, ఒంటిగంట సీరియల్ చూసేదాన్ని. సీరియల్లో అత్త ఒక పక్క, చేపలు ఒక పక్క.

ఆయన ఇంటికి రాగానే అడిగాను. "ఒంటిగంటకు ఏమవుతాందయ్యా వీటికి?"

"ఒంటిగంటకా?" అని ఆయన చెంబు నోటికెత్తి నీళ్ళన్నీ తాగేదాకా దించలేదు. "ఏముంటాది? మద్దేనం గదా. కునుకు తీస్తాంటాయి, నీ మాదిరే."

"నేను కునుకు తియ్యను. సీరియల్ చూస్తాను."

"కండ్లు మూసుకొని చూస్తావు," అన్నాడు. అది మాత్రం గట్టిగా అన్నాడు.

కుళ్ళాయప్ప పెళ్ళాం ఓబమ్మ వచ్చి చూసి, "దిష్టి అక్కా, ఇంగేం కాదు. వీధిలో అందురి కండ్లూ ఈటి మీదే ఉండాయి," అంది. ఎండుమిరపకాయలు తొట్టి చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేశాం. చేపలు తప్ప ఇంట్లో ఉన్నవాళ్ళందరం దగ్గాం. ఓబమ్మ దగ్గుతూ నవ్వింది. ఎందుకు నవ్విందో అప్పుడు నాకు తెలియలేదు.

ఎండ పడుతోందేమోనని కిటికీకి పాత చీర కట్టాను. అయినా దాక్కున్నాయి. నా టీవీకే భయపడుతున్నాయేమోనని ఒకరోజు టీవీ కూడా ఆపేశాను. సీరియల్లో ఆరోజే కోడలికి అసలు తండ్రి ఎవరో తెలిసేది, అది కూడా వదులుకుని చీకట్లో కూర్చున్నాను. అయినా ఒంటిగంట దాటగానే ఆరూ రాళ్ళ వెనకకే. ఆదివారం జ్యోతి వస్తే రమ్మని చూపించబోయాను. ఆ రోజు మాత్రం ఒక్కటీ దాక్కోలేదు. మా ఆయన కూడా ఆ రోజు కుళ్ళాయప్ప ఇంటికి వెళ్ళకుండా కూతురి పక్కనే కూర్చుని చెనిక్కాయలు ఒలిచాడు. జ్యోతి నా వైపు ఒక చూపు చూసింది. చెవి డాక్టరుతో పాటు కంటి డాక్టరు కూడా కావాలనే చూపు అది.

మూడు వారాలకు చేపలు చిక్కిపోయాయి. సావుకారు పొట్ట లోపలికి పోయింది. నాకు భయం పట్టుకుంది. ఉత్త చేపల కోసమే అయితే అంత భయపడేదాన్ని కాదు. పొద్దున లేవగానే మా ఆయన తొట్టి ముందు కూర్చుని వాటికి గుడ్ మార్నింగ్ చెప్పేవాడు, నాకు నలభై ఏళ్ళలో చెప్పలేదు. అలాంటి చేపలు ఒకరోజు పొట్ట పైకి తిప్పి తేలితే, స్టెంట్ వేసిన ఆ గుండె ఏమవుతుంది?

మరుసటి రోజు ఒంటిగంటకు ఫోను తొట్టికి ఆనించి పెట్టి అంతా వీడియో తీశాను. నాలుగింటికి బస్టాండు దగ్గర షఫీవుల్లా అంగడికి వెళ్ళాను. చేపలు అతని దగ్గర కొన్నవే. వాళ్ళ నాయన హజరత్ వలి మా వీధుల్లో మగ్గాలు బాగుచేస్తూ తిరిగేవాడు. షఫీ ముక్కు కారే రోజుల నుంచి నాకు తెలుసు.

"ఏమప్పా షఫీ, మంచి చేపలిచ్చినావే మాకు! మద్దేనమైతే దయ్యం పట్టినట్ల చేస్తాండాయి."

"కూచోమ్మా. నీళ్ళు ఏవి పోస్తాండావు?"

"కొళాయి నీళ్ళే. రెండు దినాలు డ్రమ్ములో నిలవబెట్టి పోస్తాండా."

"తిండి ఎక్కువ వేస్తాండావేమో."

"వేసిందే తినకపోతే ఎక్కువేంది, తక్కువేంది? ఇదో, నువ్వే చూడు."

అతను ఫోను చేతిలోకి తీసుకుని చూశాడు. మధ్యలో తల ఎత్తాడు. మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. ఈసారి వీడియో చూడలేదు, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అమ్మా, మీ ఇంట్లో మగ్గం ఆడతాండాదా?"

"యాడప్పా! ఆగి మూడు నెల్లు కావస్తాంది. నీకు తెలుసు గదా ఆయన సంగతి."

"పక్కిండ్లల్లో?"

"కుళ్ళాయప్పోళ్ళు ఎప్పుడో అమ్ముకున్నారు. ఇంగెవురికీ లేదు."

షఫీ అంగడిలో పాటలు పెట్టుకునే పెద్ద స్పీకరుకు నా ఫోను తగిలించి, దాన్ని నా పక్కనే స్టూలు మీద పెట్టి, చక్రం చివరిదాకా తిప్పాడు.

టక్, టక్, ఢబ్. టక్, టక్, ఢబ్.

రెండు తేలిక దెబ్బలు, ఒక బరువు దెబ్బ.

కోపం రావాలి కదా, వచ్చింది, తల తిరిగేంత వచ్చింది. కానీ దానికంటే ముందు సంతోషం వచ్చింది, అబద్ధమెందుకు చెప్పాలి. నా పెళ్ళయిన కొత్తలో విన్న చప్పుడు. అది విని ఎన్నాళ్ళయిందో ఆ స్టూలు పక్కన కూర్చున్నప్పుడు గానీ నాకు తెలియలేదు. మూడు నెలలు కాదు. ఆయన రోజూ పక్క గదిలో నేస్తున్న రోజుల్లో కూడా, ఎన్నో ఏళ్ళుగా, నాకు అది వినిపించడమే లేదు. ఎప్పుడు పోయిందో పోయింది, నేను గమనించలేదు. షఫీ అంగట్లో అంతమంది ముందు కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"ఒళ్ళు బాగలేని మనిషి నేత మాదిరి లేదమ్మా, దెబ్బ బాగుండాది," అన్నాడు షఫీ, నన్ను ఓదార్చడానికి కాబోలు. తర్వాత చేపల సంగతి చెప్పాడు. "వీటికి బయటికి కనపడే చెవులు లేవు. కడుపులో గాలితిత్తి ఉంటాది, నీళ్ళు అదిరితే అదీ అదురుతాది. ఒళ్ళంతా చెవే అనుకో. మీ మగ్గం గుంజలు ఆ గోడకే గదా బిగించింది? గోడ అదిరితే అరుగు అదురుతాది, అరుగు అదిరితే తొట్టి. కొత్తగా వచ్చినవి, ఏ పెద్ద జంతువో వస్తాందని దాక్కుంటాండాయి పాపం."

"ఇప్పుడేం చెయ్యల్ల?"

"తొట్టిని గోడ కాడి నుంచి పక్కకు జరుపు. లేదంటే కింద బొంత మడిచి పెట్టు. రోజూ అదే టైముకు అదే దెబ్బ పడితే, ఏమీ చెయ్యని చప్పుడులే అని కొన్నాళ్ళకు వాటికే తెలుస్తాది."

ఆ రాత్రి నేను ఒక్క మాట మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం మా ఇంట్లో తుఫాను హెచ్చరిక లాంటిది. అయినా ఆయనకు అర్థం కాలేదు.

మరునాడు ఒంటిగంట కొట్టగానే ఆయన చెప్పులు వేసుకుని, "కుళ్ళాయప్ప కాడికి పోయొస్తా," అన్నాడు. నేను టీవీ పెట్టాను, కూలరు వేశాను, తొట్టి ముందు కూర్చున్నాను. అయిదు నిమిషాలు. సావుకారు ఉలిక్కిపడ్డాడు. మిగతా అయిదూ వాడి వెనకే రాళ్ళ సందులోకి దూరాయి. నేను లేచి వీధిలోకి వెళ్ళాను. అరుగు మీద కుళ్ళాయప్ప ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గు, దగ్గు, ఎంత దగ్గుతావో దగ్గు అనుకుని, మగ్గం గది వీధి తలుపు తోశాను.

ఆయన వీపు నా వైపు ఉంది. భుజం మీద తడి తువ్వాలు. నోటి నిండా తిట్లు పెట్టుకుని వచ్చినదాన్ని, ఒక్కటీ బయటికి రాలేదు. వెనక నుంచి అరిస్తే ఆ గుండె ఆగిపోతుందేమో అనిపించింది. పోగును అటూ ఇటూ మోసే నాడెలో కండె అయిపోయి ఆయన తనంతట తానే ఆగేదాకా గడపలో నిలబడ్డాను. ఆయన కొత్త కండె కోసం పక్కకు తిరిగి నన్ను చూశాడు.

"ఎంతసేపాయె వచ్చి?" ఆయన మూతిని బట్టి తెలిసింది.

"నెలాయె," అన్నాను.

"ఎవురు చెప్పినారు? కుళ్ళాయప్పా?"

"చేపలు."

అప్పుడు వచ్చాయి తిట్లు. వీధి మొత్తం విన్నది, అంటే ఇన్నాళ్ళూ మగ్గం విన్నవాళ్ళే. ఓబమ్మకు తెలుసు, కుళ్ళాయప్పకు తెలుసు, పాలవాడికి తెలుసు. నా ఒక్కదానికే తెలియదు. "చెప్పిన మాట వినవు, గొళ్ళెం పెడితే వీధిలోంచి దూరతావు, నా చెవులు చూసుకొనే గదా నీకీ ధైర్యం!" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"గొళ్ళెం నేను ముట్టుకోలేదు," అన్నాడు ఆయన, అదొక పెద్ద ధర్మం అన్నట్టు.

"చచ్చిపోతే?"

ఆయన గుంతలో నుంచి కాళ్ళు పైకి తీసి, నా ముందుకు వచ్చి నిలబడి, నాకు వినిపించేటట్టు ఒక్కొక్క మాటా చెప్పాడు.

"అందుకే నేస్తాండా. నాకేమన్నా అయితే ఈ సగం చీరకి కత్తెర పెట్టల్ల. ఎవురి చేతికిస్తారే కత్తెర? నీ చేతికిస్తారు. నువ్వు ఆ పని చేసేది నేను చూడలేను."

"నువ్వు చచ్చినాక ఇంగ చూసేదేముంది?" అన్నాను. అని, ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చాను. ఆయన భుజం ఇంకా నేత వేడి మీదే ఉంది.

మరునాడు మొదటి బస్సుకే అనంతపురం లాక్కెళ్ళాను. డాక్టరు ముందు ఆయన స్కూలు పిల్లవాడిలా తల వంచుకుని నిలబడ్డాడు. ఏవేవో వైర్లు తగిలించి చూసి, నడిపించి చూసి, కాసేపు తిట్టి, చివరికి రోజుకు ఇరవై నిమిషాలు, మెల్లగా, ఆయాసం వస్తే ఆ క్షణమే ఆపాలి అన్నాడు. "పక్కన ఎవరో ఒకరు ఉండాలి," అని నా వైపు చూశాడు.

కానీ ఆయనకు ఎదురుగా ఎవరైనా కూర్చుంటే చెయ్యి ఆడదట. కొత్త పెళ్ళికూతురు సిగ్గు. అందుకని నేను హాలులోనే కూర్చుంటాననీ, గొళ్ళెం తీసేయాలనీ ఒప్పందం చేసుకున్నాం. బొంత మడిచి తొట్టి కింద పెట్టాను గానీ గోడ దగ్గర నుంచి మాత్రం జరపలేదు. షఫీ వింటే తిడతాడు. చేపలకు కష్టమని నాకూ తెలుసు. కానీ టీవీ కట్టేసినా, కూలరు ఆపేసినా, చెవి గోడకు ఆనించినా నాకు ఆ దెబ్బలు తెలియడం లేదు. చేపలకు తెలుస్తున్నాయి. అవి రాళ్ళ వెనక ఉన్నంతసేపు మా ఆయన నేస్తున్నట్టు. నేస్తున్నాడంటే బతికి ఉన్నట్టు. ఇరవై నిమిషాలయ్యాక వాటికి రెండింతలు తిండి వేసి, "ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి నాయనా," అని బతిమాలుకునేదాన్ని.

అలా పది రోజులు గడిచాయి. పదకొండో రోజు ఆయన లోపలికి వెళ్ళాడు, చేపలు రాళ్ళ వెనకకు వెళ్ళాయి. అయిదు నిమిషాలు కూడా కాలేదు, సావుకారు బయటికి వచ్చాడు. వెనకే ఇంకో రెండు. ఇసుకలో మీసాలు పెట్టి తాపీగా వెతుక్కుంటున్నాయి.

మగ్గం ఆగిపోయింది.

నేను ఎలా లేచానో, తలుపు ఎలా తోశానో తెలియదు. మోకాలు గడపకు కొట్టుకుంది. "ఏమయ్యా!" అని అరుస్తూ లోపలికి పడ్డాను.

ఆయన చేతిలో నాడె పట్టుకుని నేస్తున్నాడు. శుభ్రంగా, చెమట కూడా పట్టకుండా. నన్ను చూసి బెదిరిపోయి ఆపాడు.

"ఏమైందే?"

"చేపలు బయట తిరగతాండాయి!" అన్నాను. నా గొంతు నాకే కీచుమని వినిపించింది.

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమైన తర్వాత నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వితే ఆ రోజు చంపేసేదాన్ని. నవ్వలేదు. "అలవాటు పడినట్లుండాయి," అన్నాడు. "ఇట్ల రా," అని పిలిచి నన్ను మగ్గం పక్కన నేల మీద కూర్చోబెట్టి, నా కుడి అరచేతిని తీసుకుని మగ్గం గుంజ మీద ఆనించాడు. తర్వాత నేత మొదలుపెట్టాడు.

చేతికి తెలిసింది. టక్, టక్, ఢబ్. అరచేతిలో నుంచి మోచేతిలోకి, అక్కడ నుంచి రొమ్ములోకి వచ్చింది. రెండు తేలిక దెబ్బలు, ఒక బరువు దెబ్బ. ఒక్కటి కూడా తప్పిపోలేదు.

"వినపడతాందా?" అన్నాడు.

"వినపడతాంది," అన్నాను. "నాకు కొంచెం తక్కువగా వినపడతాందయ్యా ఈ మధ్య."

"తెలుసులే," అన్నాడు, నేత ఆపకుండానే.

ఆ రోజు నుంచి ఎదురుగా నేను కూర్చున్నా ఆయన చెయ్యి ఆడింది. రోజుకు జానెడు, ఒక్కోరోజు నాలుగు వేళ్ళు. నేను గుంజ మీద చెయ్యి పెట్టుకుని గడియారం చూసేదాన్ని. హాలు తలుపు తెరిచే ఉండేది, అక్కడి నుంచి తొట్టి కనిపించేది. చేపలు ఇక దాక్కోవడం పూర్తిగా మానేశాయి. సావుకారు పొట్ట మళ్ళీ సావుకారు పొట్టలా తయారయ్యింది.

జూలైలో ఒక శుక్రవారం చీర చివరికి వచ్చింది. ఆయన చివరి అడ్డపోగు వేసి, దాన్ని బిగించే పలకను చేత్తో పట్టుకుని, లాగకుండా ఆగాడు. నా వైపు చూశాడు.

"చివరి దెబ్బ నువ్వు కొట్టు."

"నీకేమైనా పిచ్చా? చెయ్యి మారితే గీత పడతాది."

"పడనీ."

"చీర పాడవుతాదయ్యా! కొనేవాళ్ళు..."

"కొనేవాళ్ళు యాడుండారు? పట్టిచ్చే సావుకారుకు నిన్ననే చెప్పినా, ఈ చీర నేను ఇయ్యనని. అది నీకే. గీత లేకుంటే అది ఎవురో కట్టుకునే చీర మాదిరే ఉంటాది."

నలభై ఏళ్ళలో ఆయన నాకు ఏమీ ఇవ్వలేదని కాదు. కానీ ఇంత మాట ఎప్పుడూ చెప్పలేదు. నేను లేచి ఆయన పక్కన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నాను. పలక మీద ఆయన చెయ్యి తీసేశాడు. అది అంత బరువని నాకు తెలియదు. రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగాను.

ఢామ్మంది. ఇల్లంతా అదిరినట్టయింది. ఆయన నా భుజం తట్టి హాలు వైపు చూడమని వేలు చూపించాడు. నీళ్ళలో ఒక్క చేప తిరగడం లేదు. ఆరుకారూ నల్లరాళ్ళ వెనక ఒకదాని మీద ఒకటి పడి దాక్కుని ఉన్నాయి. మా ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు బాగానే వినిపించింది.